గుర్తును ఎన్నుకొను మనసు

2019 మే నెలలో ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానములలో 151 గెలుచుకొని ఎదుటిపక్షమును 23కు కుదించిన వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పార్టీ, అయిదేండ్లు తిరిగి 2024 జూన్‌లో లెక్కింపు ముగియునప్పటికి 11 స్థానములతో మిగిలినది. గాలి వీచినదని కొందరు, సునామీ వచ్చినదని కొందరు వ్రాసిరి. ఓటరును ప్రకృతి వైపరీత్యముగా వర్ణించుట మనకు అలవాటైనది గాని, ఓట్ల లెక్కను నిదానముగా చదివినవారికి అక్కడ వైపరీత్యమేదియు కనబడదు. ఓడిన ఆ పార్టీకి 2019లో నూటికి ఇంచుమించు 50 ఓట్లు రాగా 2024లో 39కి పైగా వచ్చినవి; 2019లో ఘోరముగా ఓడినట్లు తోచిన తెలుగుదేశమునకును ఆనాడు వచ్చినవి 39 శాతమే. రాజ్యము తలక్రిందులైన ఆ రెండు సందర్భములలోను ఓడిన పక్షము వెంట నూటికి నలుబదిమందికి కొంచెము తక్కువగా ఓటర్లు నిలిచియే యుండిరి. పదిమందిలో ఒకడు ఇటునుండి అటు కదలుటయు, విడివిడిగా నున్న పక్షములు ఒక కూటమిగా కూడుటయు మాత్రమే 2024లో జరిగిన మార్పు.

కావున సామాన్యుడు ఏ పార్టీని ఎట్లు ఎన్నుకొనుచున్నాడన్న ప్రశ్నలో నిజమునకు రెండు ప్రశ్నలు కలవు. నిలిచినవారు ఏల నిలిచిరి? కదలినవారు ఏల కదలిరి? మొదటిదానికి కులమని, రెండవదానికి డబ్బని సమాధానము చెప్పి ఊరకుండుట పరిపాటి. ఏడు దశాబ్దములకు మించిన తెలుగు ఎన్నికల చరిత్రను ఎదుట పెట్టుకొని చూచినచో ఆ రెండు సమాధానములును చాలవని నా దృఢవిశ్వాసము. ఓటరు మొదట చూచునది 'వీరు మావారేనా' అని. పిదప చూచునది 'మా యింటికి ఏమి వచ్చినది' అని. ఆ రెండింటికి అడుగున, నోటితో చెప్పకయే, ఎప్పుడును మరువకయే చూచునది 'వీరు మమ్ము మనుషులుగా ఎంచిరా' అని. ఈ మూడవ విచారణలోనే మన ప్రభుత్వములు పెక్కుమారులు ఓడినవి. ఓడిన పిదప కూడ తాము ఎక్కడ ఓడితిమో గ్రహింపలేక మొదటి రెండింటిలోనే కారణములు వెదకుకొన్నవి.

స్వతంత్ర భారతమున తొలి సాధారణ ఎన్నికలు 1951-52లో జరుగునప్పటికి దేశమున చదువ నేర్చినవారు నూటికి 18 మంది మాత్రమే. పేరు చదువలేని వారితో సహా పదిహేడు కోట్ల పైచిలుకు వయోజనులకు ఒక్కమారుగా ఓటుహక్కు నిచ్చిన ఆ సాహసము నేటికిని తలచుకొనినప్పుడు ఒడలు పులకరించును. తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఏర్పరచిన పద్ధతి ప్రకారము ప్రతి అభ్యర్థికి వేరువేరుగా ఒక పెట్టె. ఆ పెట్టెపై అతని గుర్తు. ఓటరు తెరచాటునకు పోయి తన చీటీని తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావలయును. కాంగ్రెసుకు కాడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె. పార్టీల సిద్ధాంతములు, ప్రణాళికలు ఊరి పొలిమేరలోనికి రాకముందే ఈ బొమ్మలు ఇండ్లలోనికి వచ్చినవి. తరములు మారినను మన ఊళ్ళలో 'ఏ పార్టీకి వేసితివి' అని అడుగువారికంటె 'ఏ గుర్తుకు వేసితివి' అని అడుగువారే ఎక్కువ.

అంతమాత్రమున చదువురాని ఓటరు బొమ్మను చూచి గుడ్డిగా ముద్ర వేయునని తలచుట తప్పు. కాడెద్దులు పోయి ఆవుదూడ వచ్చినది; 1978 జనవరిలో కాంగ్రెసు మరల చీలి ఇందిరాగాంధీ పక్షమునకు హస్తము గుర్తు వచ్చినది. ఆ మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ ఎన్నికలు. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు, ఆయనతో పాటు ప్రభుత్వ యంత్రాంగపు అనుభవమంతయు చీలిన రెండవ పక్షమున నుండగా, పుట్టి నెల దాటీ దాటని చేతి గుర్తు 294 స్థానములలో 175 గెలిచినది. పాత కాంగ్రెసుకు దక్కినవి 30. కొద్ది వారములలో లక్షల ఇండ్లలో ముసలమ్మలు మొదలుకొని ఏ గుర్తు ఎవరిదో తెలిసికొని, పాతదానిని విడిచి క్రొత్తదానిని పట్టుకొనిరన్నచో, వారు అనుసరించినది బొమ్మను కాదు, బొమ్మ వెనుకనున్న మనిషిని.

ఇక నిలిచినవారి సంగతి. పల్లెటూరిలో పార్టీ ఢిల్లీనుండి గాని హైదరాబాదునుండి గాని దిగిరాదు. ఊరిలోని వర్గములనుండి పుట్టుకొని వచ్చును. కాలువ నీటి వంతు దగ్గరనో, పొలము గట్టు తగవు దగ్గరనో, సర్పంచి పదవి దగ్గరనో తాతలనాడు విడిపోయిన రెండు వర్గములలో ఒకటి ఒక పార్టీలో చేరినదన్నచో రెండవది మరునాడే ఎదుటి పార్టీ జెండా కట్టును. క్రొత్తకోడలు కాపురమునకు వచ్చిన కొద్దినాళ్ళకే ఆ యింటివారు ఎవరికి ఓటు వేయుదురో ఆమెకు తెలిసిపోవును. చదువుకొన్న పట్టణవాసులు దీనిని మౌఢ్యమని ఈసడింతురు. నాకట్లు తోచదు. రాత్రివేళ పురిటినొప్పులు వచ్చినప్పుడు బండి మాటలాడి పంపువాడు, పోలీసు స్టేషనులో కుర్రవానిని కూర్చుండబెట్టినప్పుడు పోయి విడిపించుకొని వచ్చువాడు, పాసుపుస్తకములో పేరు తప్పుపడినప్పుడు మండలాఫీసు మెట్లు ఎక్కువాడు ఆ వర్గపు పెద్దయే. ప్రభుత్వము పౌరుని పౌరుడుగా గుర్తించి పలుకని చోట 'మనవాడు' అను మనిషి ఒకడు కావలయును. ఆ మనిషి ఉన్న చోటనే ఓటు ఉండును. ఆ కట్టు సడలవలయునన్నచో ఓటరుకు హితబోధ చేయుట కాదు, మండలాఫీసు బాగుపడవలయును.

కులము ప్రసక్తి ఇక్కడ రాక తప్పదు. 1955 నాటి ఆంధ్రరాష్ట్ర మధ్యంతర ఎన్నికల కథను దీనికొరకు కొంత వివరముగా చెప్పవలసియున్నది. మద్యనిషేధము విషయమున టంగుటూరి ప్రకాశం మంత్రివర్గము 1954 నవంబరులో పడిపోయినది. అంతకు మూడేండ్ల పూర్వము ఆంధ్ర జిల్లాలలో కాంగ్రెసుతో సరిసమానముగా నిలిచిన కమ్యూనిస్టులు ఈసారి రాజ్యము తమదేనని నమ్మిరి. మిత్రులే కాదు, శత్రువులును నమ్మిరి. ఆ భయముతోనే కాంగ్రెసు, ఆచార్య ఎన్.జి. రంగా నాయకత్వమునగల కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ కలసి ఐక్యముగా పోటీకి దిగినవి. నెహ్రూ విదేశాంగ నీతిని మెచ్చుచు ఆ జనవరిలోనే మాస్కో ప్రావ్దా పత్రిక వ్రాసిన సంపాదకీయమును కాంగ్రెసువారు ప్రచారాస్త్రముగా వాడుకొనిరి. 196 స్థానములలో కూటమికి 146, కమ్యూనిస్టులకు 15. పార్టీ మట్టిగరచినదని అందరును తీర్మానించిరి. కాని ఆ 15 స్థానములు తెచ్చుకొన్న పార్టీకి పడిన ఓట్లు నూటికి 31; 1952లో పడినవానికంటె హెచ్చు! ఓటరు వారిని విడువలేదు. వారికి ఎదురునిలిచినవారు ఒక్కటైరి. స్థానముల సంఖ్యను చూచి జనుల మనసు చదువబోవుట ఎంత ప్రమాదమో తెలుగునేల ఆ తొలినాళ్ళలోనే చూపినది. 2024లో మరల చూపినది.

ఆ ఎన్నికలు ముగిసిన మరుసటి యేడు అమెరికన్ రచయిత సెలిగ్ హారిసన్, ఆంధ్ర కమ్యూనిస్టులను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమున, కృష్ణా గోదావరీ మండలములలోని కమ్మవారి ప్రాబల్యముతోను, కాంగ్రెసులోని రెడ్ల ప్రాబల్యముతోను ఈ పోరాటమును ముడిపెట్టి వివరించెను. అందులో సత్యము లేకపోలేదు. అభ్యర్థిని నిలుపునప్పుడు ప్రతి పార్టీయు కులము లెక్క చూచియే నిలుపును. తనవాడు నిలిచినాడన్న సంతోషము ఓటరునకు ఉండనే యుండును. అయినను 1952లో అనంతపురమున నీలం సంజీవరెడ్డి వంటి మహానాయకుని ఓడించినది ఆయన భార్యకు స్వయానా సోదరుడైన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. కులము ఒక్కటే, బంధుత్వము ఒక్కటే. ఓటర్లు ఆ యింటిలోనే ఇద్దరిని విడదీసి ఒకరిని ఎన్నుకొనిరి. అదే యేడు నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డి లోక్‌సభకు నిలిచి జవాహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవానికంటె ఎక్కువ ఓట్లు తెచ్చుకొనెను. అంతకు కొద్దియేండ్ల ముందువరకు గడీల వాకిట చెప్పులు చేతబట్టుకొని 'నీ బాంచెను దొరా' అన్నవారు, వెట్టిచాకిరి చేసినవారు, అన్ని కులములవారును కలసి వేసిన ఓట్లవి. భూమి కొరకు వేసిరనుట సగము మాట. నిటారుగా నిలుచుండగలిగిన మనిషి, తన్ను నిలుచుండబెట్టినవారికి వేసిన ఓటది.

ఈ దృష్టితో చూచినప్పుడు తెలుగు ఓటరు దేశపు ప్రవాహమునకు ఎన్నిమారులు ఎదురీదెనో గమనించిన ఆశ్చర్యము కలుగును. 1971లో దేశమంతట ఇందిరాగాంధీ పేరు మారుమ్రోగుచుండగా, 1969 ప్రత్యేక రాష్ట్ర ఉద్యమమున బిడ్డలను పోగొట్టుకొన్న తెలంగాణము 14 లోక్‌సభ స్థానములలో 10 తెలంగాణ ప్రజాసమితికి ఇచ్చినది. 1977లో అత్యవసర పరిస్థితిని నిరసించి ఉత్తరభారతము కాంగ్రెసును ఊడ్చివేయగా ఆంధ్రప్రదేశ్ 42లో 41 ఆ కాంగ్రెసుకే ఇచ్చినది. మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా పార్టీ అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి గెలిచెను. 1984 డిసెంబరులో ఇందిర హత్యానంతరము దేశము కన్నీటితో ఓటు వేయగా ఇక్కడ తెలుగుదేశము 30 స్థానములు గెలిచి లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైనది. గాలి యను మాట నిజమైనచో ఈ మూడుమార్లును గాలి మన పొలిమేరల దగ్గర ఏల ఆగిపోయినదో ఎవరైనను చెప్పవలయును.

తెలుగుదేశపు 1983 విజయమును సినిమా తార మోహముగా కొట్టివేయువారు నేటికిని కలరు. దానికి ముందు జరిగినది వారు చూడరు. 1978 మొదలు అయిదేండ్లలోపల నలుగురు ముఖ్యమంత్రులు మారిరి: మర్రి చెన్నారెడ్డి, టి. అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. వచ్చుటయు పోవుటయు ఢిల్లీ చిత్తము. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయమున రాజీవ్ గాంధీ చేతిలో ముఖ్యమంత్రి అంజయ్యకు జరిగిన పరాభవము, కార్మికుడుగా బ్రతుకు మొదలుపెట్టిన ఒక పెద్దమనిషికి జరిగిన అవమానముగా జనుల గుండెలో దిగినది. ఆ మార్చి 29న ఎన్.టి. రామారావు పార్టీ పెట్టెను, 'ఆత్మగౌరవము' అనెను, పాత షెవ్రొలె బండిని చైతన్యరథముగా మార్చి ఊరూర తిరిగి, దారి ప్రక్కన నిద్రించి, జనుల మధ్యనే స్నానపానములు కావించెను. తొమ్మిది నెలలలో రాజ్యము వచ్చినది. కిలో రెండు రూపాయల బియ్యము ఆశ చూపినందున వచ్చినదనువారు, ఆ బియ్యపు వాగ్దానము ఆత్మగౌరవమను మాటతో కలిసి వచ్చినదని మరువరాదు. ఆకలిగొన్నవాని ఎదుట గౌరవమును గూర్చి మాటలాడిన నాయకుడు ఆకలిని చిన్నబుచ్చలేదు. మరుసటి యేడు ఆగస్టులో ఆయనను గద్దె దింపినప్పుడు నెల రోజులు వీధులలోనికి వచ్చి మరల నిలువబెట్టినవారును ఆ జనమే. అట్టి మహానాయకుడే 1989లో అధికారము కోల్పోయి, కల్వకుర్తిలో స్వయముగా ఓడిపోయెను. తన మంత్రులనందరను ఒక్కనాడు తొలగించిన ఏకవ్యక్తి పాలనను జనము చూచియుండిరి. ఎంత ప్రేమించిరో అంత నిక్కచ్చిగా లెక్క అడిగిరి.

స్త్రీల ఓటు కథ వేరుగా చెప్పదగినది. ఇంటి యజమాని చెప్పిన గుర్తుకే ఇల్లాలు వేయునని అభ్యర్థులు చాలకాలము నమ్మి, ఆడువారిని అడుగకయే ప్రచారము ముగించుకొనెడివారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమపు రాత్రి బడులలో అక్షరములు దిద్దుకొన్న స్త్రీలు, తాము చదివిన పాఠము నుండి లేచి ఊరి సారాకొట్టును మూయించిరి. ఆ నిప్పు జిల్లా దాటి రాష్ట్రమంతట పాకినది. 1993లో కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వము సారాను నిషేధించినది. నిషేధించినవారికి ఆడువారి ఓటు రావలసినదే కదా! 1994 డిసెంబరులో కాంగ్రెసుకు దక్కినవి 26 స్థానములు. సంపూర్ణ మద్యనిషేధము వాగ్దానము చేసిన తెలుగుదేశమునకు 216. వేలంపాటలు ఆపి, పోలీసు కాపలాతో సారా అమ్మించి, విధిలేక చివరకు లొంగి ఇచ్చినదానిని ఆ స్త్రీలు ఇచ్చినట్లు లెక్కింపలేదు. తమ మాటను మొదటనే చెవిని బెట్టినవానిని లెక్కించిరి. ఆ తరువాత విస్తరించిన డ్వాక్రా సంఘములు, బ్యాంకు ఖాతాలు, సంఘపు సమావేశములలో నేర్చిన లెక్కలు ఆ యిల్లాలి ఓటును భర్త ఓటునుండి ఇంకను వేరుచేసినవి. ఇప్పుడు ఒకే గడప లోపల రెండు గుర్తులుండుట వింత కాదు.

ఇచ్చినవానికి పుచ్చుకొన్నవాడు ఓటు వేయునన్న సిద్ధాంతమును మన పాలకులు ఎంత గాఢముగా నమ్మిరో, అంత గాఢముగా ఓటరు దానిని ఖండించుచు వచ్చెను. రాష్ట్ర విభజన సంగతి చూడుడు. 2014లో తెలంగాణ రాష్ట్రము నిచ్చిన కాంగ్రెసుకు తెలంగాణలో 119కి 21 స్థానములు. పోరాడి తెచ్చినవారుగా జనము ఎంచిన తెలంగాణ రాష్ట్ర సమితికి 63. ఆవలనున్న ఆంధ్రప్రదేశ్‌లో, లోక్‌సభ తలుపులు మూసి ప్రత్యక్షప్రసారము ఆపి బిల్లు నెగ్గించుకొన్న ఆ పార్టీకి 175లో ఒక్కటియు రాలేదు. 2019 ఎన్నికల ముంగిట డ్వాక్రా స్త్రీలకు పసుపు కుంకుమ పేరిట పదేసి వేల రూపాయలు పంచిన తెలుగుదేశము 23 వద్ద ఆగిపోయినది. 2021లో తెలంగాణ ప్రభుత్వము హుజూరాబాద్ ఉపఎన్నికకు ముందు అక్కడనే దళితబంధు ప్రారంభించి దళిత కుటుంబమునకు పది లక్షలు చొప్పున ప్రకటింపగా, మంత్రివర్గమునుండి తొలగింపబడి బయటకు వచ్చిన ఈటల రాజేందర్ 23 వేలకు పైగా ఆధిక్యతతో గెలిచెను. రైతుబంధు సొమ్ము ప్రతి పంటకును ఖాతాలో పడుచున్నను 2023లో తెలంగాణ ఓటరు 64 స్థానములిచ్చి కాంగ్రెసును తెచ్చుకొనెను. ఆ ఎన్నికలో ముఖ్యమంత్రి ఎవరికిని దొరకడన్న మాటయు, ప్రశ్నపత్రములు బయటపడి పరీక్షలు రద్దయిన నిరుద్యోగుల ఉసురును బలముగా వినబడినవి. ఆంధ్రప్రదేశ్‌లో మీట నొక్కగానే ఖాతాలోనికి సొమ్ము వేసిన ప్రభుత్వము 2024లో ఓడినది. తాతముత్తాతలనుండి వచ్చిన చేని పాసుపుస్తకముపైన ముఖ్యమంత్రి బొమ్మ అచ్చయినప్పుడు, సర్వే రాళ్ళమీద ఆయన రూపము చెక్కబడినప్పుడు, దానిపై భూహక్కు చట్టమును గూర్చిన భయము తోడైనప్పుడు, రైతు నొచ్చుకొనెను. ఆ చట్టములో నిజముగా ఏమున్నదన్నది వేరు విచారణ. నా చేను నాదని చెప్పు కాగితముమీద మరియొకరి ముఖమేలయని రైతు అడిగిన ప్రశ్నకు లక్షల రూపాయల లబ్ధి సమాధానము కాలేదు.

అంతమాత్రమున సంక్షేమము వ్యర్థమని నేననను. 2003 వేసవిలో చేవెళ్ళనుండి ఇచ్ఛాపురమువరకు నడచిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి, వరుస కరవులలో ఎండిన బోర్ల ప్రక్కన నిలిచి ఉచిత విద్యుత్తు మాట ఇచ్చి, 2004 మే 14న ముఖ్యమంత్రిగా తొలి సంతకము దానిమీదనే పెట్టినప్పుడు, ఆ పథకము రైతు గుండెకు తాకినది. నడచి వచ్చి చూచినవాడు ఇచ్చినాడన్న భావము ఆ విద్యుత్తులో ఉండెను. 2009లో 156 స్థానములతో ఆయన మరల గెలుచుటకు ఆరోగ్యశ్రీతో పాటు ఆ భావమును కారణమే. పేదవాడు పథకమును తన హక్కుగా తీసికొనును, ఋణముగా కాదు. ఇది కృతఘ్నత యని పాలకులు కుందుట విని నేను నొచ్చుకొన్నాను; ఇది కృతఘ్నత కాదు, పౌరసత్వము.

ఇక ఓటుకు నోటు మాట. ఎన్నికల ముందు రాత్రి కవర్లు పంచుటయు, ఇరుపక్షముల కవర్లును పుచ్చుకొని ఓటరు తనకు తోచినవానికి వేయుటయు దాపరికము లేని సంగతులు. హుజూరాబాదులో మాకు కవరు అందలేదని ఊళ్ళలో స్త్రీలు రోడ్డుమీదకు వచ్చి ధర్నా చేసినప్పుడు దేశమంతయు ముక్కున వేలు వేసికొనినది. ప్రక్కయింటికి ఇచ్చి తమ యింటిని దాటిపోవుటను వారు తమ ఓటునకు జరిగిన అవమానముగా ఎంచిరని గ్రహించినవారు తక్కువ. డబ్బు ఓటును కొనదు. కాని డబ్బు లేనివానిని పోటీనుండి తరిమివేయును. ఎకరమో రెండెకరములో గల బడిపంతులు, రైతుకూలీ సంఘపు నాయకుడు ఒకప్పుడు శాసనసభకు నిలిచి గెలిచిన నియోజకవర్గములలో నేడు గుత్తేదారులు, స్థిరాస్తి వ్యాపారులు తప్ప నిలువలేకున్నారు. ఓటరునకు కలిగిన నిజమైన నష్టమిదియే: ఎన్నుకొను స్వేచ్ఛ మిగిలినది, ఎన్నుకొనదగినవారు బూత్ గడపవరకు రాలేకున్నారు. ఓటరును దూషించువారు ఈ దూషణలో సగమైనను టిక్కెట్లు ఇచ్చువారికి కేటాయించినచో మేలు.

తీర్మానము ఎప్పుడు, ఎక్కడ జరుగును? సభలలో కాదు. 1940లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందము ఒక జిల్లా ఓటర్లను నెలల తరబడి పరిశీలించి, పత్రికలకంటె రేడియోకంటె తమకు తెలిసిన మనుషుల మాటయే వారిని ఎక్కువగా ప్రభావితము చేయుచున్నదని కనుగొనెను. మన ఊళ్ళలోను అంతే. టీకొట్టు బల్ల, పొలము గట్టు, పెండ్లి పందిరి, ఇప్పుడు చేతి ఫోనులోని వాట్సాప్ గుంపు. హైదరాబాదులో ఉద్యోగము చేయు కొడుకు ఆదివారము ఫోను చేసినప్పుడు తల్లి ఊరి సంగతి చెప్పును, కొడుకు రాష్ట్రపు సంగతి చెప్పును. అమెరికాలోని మేనల్లుడు ఇంకొక మాట కలుపును. పెద్దావిడ అందరి మాటయు వినును, 'అట్లే నాయనా' అనును, పిదప తన మనసులో నున్న గుర్తు దగ్గర మీట నొక్కి వచ్చును.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో 81 శాతమునకు పైగా ఓట్లు పడినవి. దానికి ముందు రెండు రోజులు హైదరాబాదునుండి విజయవాడ త్రోవలో వాహనములు బారులు తీరినవి. రైళ్ళలో నిలుచుండ చోటు లేదు. కొన్ని బూతులలో అర్ధరాత్రి దాటినను ఓటర్లు వరుసలో నిలిచియే యుండిరి. అంతకు ఆరు నెలల ముందు, 2023 నవంబరులో, హైదరాబాదు జిల్లాలో సగమునకు తక్కువ మంది ఓటు వేసిరి. నగరమున ఇల్లు కొనుక్కొని పిల్లలను చదివించుకొనుచున్న మనిషి అక్కడ ఓటరుగా కదలక, మూడువందల మైళ్ళు పోయి తన ఊరిలో ఓటు వేయుటకు కారణము నాకు స్పష్టముగా కనిపించుచున్నది. ఊరిలో అతడు ఫలానావారి కొడుకు, ఫలానావారి మనవడు. అతడు వచ్చెనా రాలేదా అని చూచువారు కలరు. నగరమున అతడు జాబితాలోని ఒక వరుస సంఖ్య. ఏ పార్టీయు అతని తలుపు తట్టి పేరు పెట్టి పిలువలేదు. నగరపు ఓటరు సోమరియని తిట్టుటకు ముందు నగర రాజకీయము అతని ఎడల ఎంత సోమరియో చూడవలయును.

ఇంత విచారించి, తూచి, త్రోవలుపడి వచ్చి వేసిన ఓటును గెలిచినవాడు ఏమి చేయుచున్నాడన్న ప్రశ్న నన్ను అన్నింటికంటె బాధించుచున్నది. 2009లో ప్రజారాజ్యము పార్టీ రైలు ఇంజను గుర్తుకు రాష్ట్రమంతట నూటికి 16 మంది ఓటు వేసి 18 మందిని గెలిపించిరి. ఏ కాంగ్రెసును కాదని వేసిరో ఆ కాంగ్రెసులోనే 2011లో ప్రజారాజ్యము కలిసిపోయినది. 1985లోనే ఫిరాయింపుల నిషేధ చట్టము వచ్చినను, 2014 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ గుర్తుపై గెలిచిన 23 మంది తెలుగుదేశములో చేరిరి. కొందరు మంత్రులును అయిరి. 2019 జూన్‌లో తెలంగాణలో చేతి గుర్తుపై గెలిచిన 12 మంది ఒక్క కాగితముతో అధికారపక్షములో విలీనమైరి. ఆ స్థానములలో ఓటు వేసినవారిని ఎవరును అడుగలేదు. తన వర్గమును, తన యింటి మాటను, తనకు అందిన దానిని, తనకు కలిగిన అవమానమును తూచుకొని ఒక గుర్తును ఎన్నుకొన్న మనిషికి, ఎన్నుకొన్న నెలలోనో యేడాదిలోనో, ఆ ఎన్నికకు అర్థము లేదని చెప్పుటకంటె గొప్ప అపచారము ప్రజాస్వామ్యమున వేరొకటి లేదు. సభాపతులు ఆ ఫిర్యాదులపై ఏండ్ల తరబడి తీర్పు చెప్పకుండిరి. తీర్పు ఓటరే చెప్పవలసి వచ్చినది: 2019లో తెలుగుదేశపు అభ్యర్థులుగా మరల నిలిచిన ఆ ఫిరాయింపుదారులలో ఒకరిద్దరు తప్ప అందరును ఓడిరి; 2023లో తెలంగాణలో గుర్తు మార్చుకొని మరల జనుల ముందుకు పోయినవారిలోను పెక్కుమంది ఇంటికి పోయిరి.